బావ గంటల కొలత

మా చిన్నక్క మొగుడు విమానం టికెట్లు అమ్మే ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ఒకటే కుర్చీలో కూర్చుంటున్నాడు. ఏ ఊరు ఎంత దూరమో, ఎన్ని గంటలు పడుతుందో కంప్యూటర్ వైపు చూడకుండానే చెప్పేస్తాడు. తను మాత్రం ఒక్కసారీ విమానం ఎక్కలేదు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు. మరదలిని కాబట్టి ఆ మాట నేను మొహం మీదే అనేస్తాను.

ఉత్త గంటలు చెప్తే జనం బెదిరిపోతారట. అందుకని ఎవరి పనిని వాళ్లకే కొలతగా చేసి చెప్తాడు. దర్జీ వస్తే, "నాలుగు చొక్కాలు కుట్టేంతసేపు." బడిపంతులమ్మ వస్తే, "పన్నెండు పీరియడ్లు. మధ్యలో భోజనానికి వదుల్తారు." వాళ్లు నవ్వి టికెట్ తీసుకుంటారు.

రచ్చ గెలిచాడు గానీ ఇంట గెలవలేకపోయాడు.

మా పెద్దక్క ఉండే ఊరు ఏడువేల రెండువందల కిలోమీటర్లు, తొమ్మిదిన్నర గంటల ప్రయాణం. ఈమధ్య ఆపరేషన్ అయి ఆమెకు చూపు తిరిగొచ్చింది. "కళ్లు బాగయ్యాయే. నిన్ను చూడాలి, ఒకసారి వచ్చి పో" అని చిన్నక్కకు ఫోన్ చేసింది. వాళ్లిద్దరూ కలుసుకుని పదకొండేళ్లయింది. చిన్నక్క ఫోన్ పెట్టేసి భోరున ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, వెళ్లనంది.

"తొమ్మిదిన్నర గంటలు ఒకచోట కూర్చోవడమా! నావల్ల కాదు."

"మూడు సినిమాలు, ఒక కునుకు. అంతేగా!" అన్నాడు బావ.

"నేను సినిమా చూసి ఎన్నాళ్లయిందో తెలుసా మీకు?"

నాకు ఒళ్లు మండింది. "ఊళ్లో అందరి పనీ తెలుసు నీకు. ఈవిడ రోజంతా ఏం చేస్తుందో ఎప్పుడైనా చూశావా బావా?" అని అడిగేశాను.

మర్నాడు సెలవు పెట్టి, వంటింటి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, కాగితం పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా అక్క కూర్చున్నది నాలుగుసార్లు. అందులో ఎక్కువసేపు కూర్చున్నది పదకొండు నిమిషాలు. ప్రతిసారీ ఎవరో ఒకరు పిలిచి లేపారు. అత్తగారు మందుల కోసం, కూతురు సాక్సుల కోసం. మిగతా రెండుసార్లూ టీ కోసం బావే.

ఆ కాగితం పైనుంచి కిందిదాకా చదువుకున్నాడు. తర్వాత లేచి అక్క దగ్గరికి వెళ్లాడు.

"సిగ్గేస్తోందే నాకు. నీకు చెప్పడానికి నా దగ్గర కొలత లేదు. ఒక్కటి మాత్రం నిజం. విమానంలో ఆ తొమ్మిదిన్నర గంటలూ నిన్నెవరూ పిలవరు. టీ కూడా వాళ్లే తెచ్చి చేతికిస్తారు."

అక్క చేతిలో గరిటె ఆగింది. "మీ అమ్మ కూడా పిలవదా?"

"అమ్మ పిలవదు. నేనూ పిలవను."

"అయితే టికెట్ తియ్యండి" అంది అక్క. పొయ్యి తగ్గించి, కాస్త ఆలోచించి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏవండీ, ఇంకాస్త మెల్లిగా వెళ్లే విమానం ఏమైనా ఉందా?"