టమోటా రేట్లకు పైన అరగంట

మదనపల్లెలో ఒక లోకల్ కేబుల్ చానల్లో ఆరేళ్ల పాటు నేను పుస్తకాల కార్యక్రమం నడిపాను. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు, అరగంట, లైవ్. కథలూ నవలలూ కాదు. నీళ్ల గురించి, భూముల గురించి, చట్టాల గురించి, ఊళ్లు ఎలా నడుస్తాయన్న దాని గురించి రాసిన పుస్తకాలు. ఇలాంటివి టీవీలో ఎవరు చూస్తారండీ అని జాలిపడేవాళ్లకు నా దగ్గర ఒకటే జవాబు ఉండేది: చుట్టుపక్కల టమోటా వేసిన ప్రతి ఇల్లూ చూస్తుంది. నా మొహం కోసం కాదులెండి. ఆ అరగంటా స్క్రీన్ అడుగున ఆ రోజు మార్కెట్లో పలికిన టమోటా రేట్లు తెల్ల అక్షరాల్లో పరిగెత్తేవి.

ఈ సంగతి మొదటి నెలలోనే తెలిసివచ్చింది. భూగర్భ జలాల మీద ఒక తెల్ల అట్ట పుస్తకం పట్టుకుని కెమెరా ముందు కూర్చున్నాను. పక్కన కాలేజీ ప్రొఫెసర్ గారు "ఈ గ్రంథం యొక్క ప్రాసంగికత" అంటూ మొదలుపెట్టారు. స్టూడియో ఫోన్ మోగింది. మా తొలి ఫోన్ కాల్ కదా అని నేను పొంగిపోయి, అందరికీ వినిపించేలా పెట్టించాను. వాల్మీకిపురం దగ్గర్నుంచి ఒక రైతు. "అమ్మా, ఆ పుస్తకం రవ్వంత పైకి పట్టుకో తల్లీ. రేట్లు కనపడల్యా."

ముప్పై ఏళ్లు గవర్నమెంటు స్కూల్లో సోషల్ పాఠం చెప్పి రిటైరైన దాన్ని. నా క్లాసులో ఎవడూ కిటికీ వైపు కూడా చూసేవాడు కాదు. అలాంటిది టమోటాకు అడ్డం వచ్చానని నాకు చెప్తారా? ఆ రాత్రి అన్నం సహించలేదు. పొద్దున్నే లేచి ఒక నిర్ణయానికి వచ్చాను. రేట్ల కోసం కూర్చున్నవాళ్లు ఎలాగూ కూర్చున్నారు, వాళ్ల చూపు ఒక జానెడు పైకి లేపలేకపోతే నేను చెప్పిన చదువెందుకు?

ప్రొఫెసర్లను మానిపించాను. కొత్త రూలు పెట్టాను. పుస్తకం ఎవరి బతుకు గురించి రాశారో వాళ్లే వచ్చి కుర్చీలో కూర్చోవాలి. అందులో ఒక పేజీ పైకి చదవాలి. చదివాక నేను ఒక్క ప్రశ్న అడుగుతాను: "ఇది నిజమేనా?" అంతే, తర్వాత కుర్చీ వాళ్లది.

తంబళ్లపల్లె నుంచి ఒక రైతు వచ్చి అదే నీళ్ల పుస్తకం చదివాడు. "నిజమే గానీ తక్కువ రాసినాడు" అన్నాడు. "అరిసేతిలో టెంకాయ పెట్టుకోని బోరు పాయింటు సూపించేవాళ్ల గురించి ఒక్క ముక్క లేదే. ఈ సారు మా దిక్కు బస్సెక్కినట్టు లేదు." పుంగనూరు నుంచి ఒక టైలర్ సాయిబు వచ్చాడు. చేతివృత్తుల మీద రాసిన పేజీని కూడబలుక్కుంటూ చదివి, కళ్లజోడు తీసి, "గలత్ హై అమ్మా" అని, మళ్లీ తెలుగులో విడమరిచి చెప్పాడు. మిషన్ తొక్కేవాడికి ముందు పోయేవి కళ్లు కావట, మోకాళ్లట. కుప్పం నుంచి వచ్చిన రిటైర్డ్ బస్సు కండక్టరు రాష్ట్రాల సరిహద్దుల పుస్తకం చదివి పకపకా నవ్వాడు. "మా బస్సులో టికెట్ అరవంలో అడుగుతారు, చిల్లర కన్నడంలో అడుగుతారు, కొట్లాటకు మాత్రం తెలుగే." ఆ ఎపిసోడ్ చూసిన కుప్పం కేబుల్ ఆపరేటరు, ఇకమీదట మీ కార్యక్రమం మేమూ వేసుకుంటామని ఫోన్ చేశాడు.

ఇలా సాగుతుండగా ఒకామె ఫోన్ చేసింది. పుంగనూరుకు అవతల, సోమల దారిలో ఒక పల్లెలో వార్డు మెంబరు. ఆడవాళ్లకు కేటాయించిన సీటు. పదో తరగతి వరకు చదివింది. పంచాయతీ చట్టాన్ని తేలిక తెలుగులో చెప్పే చిన్న పుస్తకం ఒకటి ఎవరో ఇచ్చారట. "దాంట్లో ఒక పేజీ నేను సదవచ్చునామ్మా?" అని అడిగింది. రమ్మన్నాను.

భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. పెళ్లాం టీవీలో కనపడుతుందని ఆయన కొత్త చొక్కా వేసుకుని, కెమెరాకు అందకుండా స్టూలు మీద మురిసిపోతూ కూర్చున్నాడు. మా స్టూడియో అంటే చానల్ ఓనరు ఎలక్ట్రికల్ షాపు పైన గది. నీలం కర్టెన్, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. మైకులో రొద వస్తుందని ఫ్యాన్ కట్టేసేవాళ్లం. ఆ ఉక్కలో ఆమె గ్రామసభ పేజీ తీసి, గీత కింద వేలు పెట్టుకుని, ఒక్క తప్పు లేకుండా చదివింది. ముందుగా దండోరా వేయాలి. జనం కూడాలి. తీర్మానాలు అందరికీ చదివి వినిపించాలి. ఆ తర్వాతే సంతకాలు.

"ఇది నిజమేనా?" అన్నాను.

"మా ఊర్లో కాదమ్మా" అంది. "దండోరా లేదు, సభా లేదు. రిజిస్టరు మాత్రం ఇంటికి వస్తాది. పాలు పిండే టయానికి సరిగ్గా వస్తాది. సేతులు తుడుసుకోని సంతకం పెడతాను. ఏం రాసినారో సదివేదాకా, రిజిస్టరు తెచ్చే పంచాయతీ బిల్ కలెక్టరు నిలబడడు. ఆయప్ప ఇంకో మెంబరు ఇంటికి పోవాల కదా."

"ఎప్పట్నుంచి?"

"గెలిసినప్పట్నుంచి."

స్టూలు మీద ఆయన దగ్గాడు. ఆమె ఆగలేదు. నేనూ ఆగలేదు. నిజం చెప్తున్నాను, ఆ నిమిషం నాకు కార్యక్రమం తప్ప ఏమీ కనపడలేదు. రేపు ఈమె ఆ ఊళ్లోనే తిరగాలి, ఆ బావి దగ్గరే నిలబడాలి అన్న ఆలోచనే రాలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటాను.

మర్నాడు మధ్యాహ్నం చానల్ ఓనరు కబురు పెట్టాడు. అతను నా దగ్గర తొమ్మిదో క్లాసు చదివినవాడే. నేను వెళ్లేసరికి ఆ ఊరి పెద్దమనుషులు నలుగురు కాఫీ తాగి వెళ్లిపోయారు, గ్లాసులు బల్ల మీదే ఉన్నాయి. అతను ఒక కాగితం నా ముందు పెట్టాడు. టైపు చేసిన మూడు వాక్యాలు. "గత వారం మా కార్యక్రమంలో పాల్గొన్న వార్డు సభ్యురాలు విషయం తెలియక మాట్లాడారు. ఆ గ్రామంలో సభలు సక్రమంగా జరుగుతున్నాయి. ఎవరి మనసైనా నొప్పించి ఉంటే చింతిస్తున్నాము."

"మూడు లైన్లే కదా మేడం. సదివేసి, తర్వాత మీ పుస్తకం మీరు మొదలుపెట్టుకోండి."

"సదవకపోతే?"

"ఈ శుక్రవారమే ఆఖరు. మన వైర్లు వాళ్ల ఊరి మీదుగా పోతాండాయి. కోసేస్తామని మొహం మీదే సెప్పిపోయినారు. నేనేం సెయ్యాల?"

చించి పారేశానని రాస్తే చదవడానికి బాగుంటుంది. చించలేదు. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఆరేళ్లు. రిటైరయ్యాక నన్ను ఊరు మర్చిపోకుండా కాపాడింది ఆ అరగంటే. కూరగాయల అంగట్లో "టమోటా టీచరమ్మ" అని పిలిస్తే మొదట్లో మండేది, తర్వాత ఆ పిలుపు కోసమే ఆ వీధిలో పోయేదాన్ని. మూడు వాక్యాలు చదివితే ఏమవుతుంది, ఆమె అర్థం చేసుకోదా అని మూడు రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. మంగళవారం పుంగనూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆమె పల్లెకు పోయాను.

ఆమె భర్త వాకిట్లోనే ఎదురయ్యాడు. చొక్కా లేదు, మొన్నటి మురిపెమూ లేదు. "ఊర్లో తల ఎత్తుకోని తిరగనీకుండా సేస్తిరి కదమ్మా" అన్నాడు. తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆమె లోపలి నుంచి వచ్చి చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది. కాగితం చేతికిచ్చాను. గీత కింద వేలు పెట్టుకుని, అదే తీరున, మూడు వాక్యాలూ చదివింది.

"తెలీక సెప్పినానని మీరు సెప్తే, రేపట్నుంచి నేను ఏం సెప్పినా తెలీక సెప్పినట్టే అయితాది కదమ్మా."

కోపంగా అనలేదు. నాకు మాత్రం చెంప పగిలినట్టయింది. మూడు రోజులుగా నేను నా కార్యక్రమం పోతుందని ఏడుస్తున్నాను. ఇక్కడ పోయేది ఈ మనిషి మాట. ఇవాళ ఒక్క మాట కాదు, ఇకమీదట నోరు తెరిచి అనబోయే ప్రతి మాటా.

"మరి ఏం సెయ్యమంటావమ్మా?" అన్నాను. టీవీలో "మీరు" అన్నదాన్ని, చాప మీద "నువ్వు" అనేశాను.

"మీ ప్రోగ్రాముకు రూలు ఉండాది కదా. ఎవరి గురించి రాస్తే వాళ్లే సదవాల. ఇది నా గురించే రాసినారు."

ఇద్దరం ఆయన వైపు చూశాం. ఆయన పోయి ఆవు ముందు ఇంత గడ్డి వేసి వచ్చాడు. చివరికి, "శుక్రవారం మూడింటి బస్సుకు పోతే సరిపోతాది. పాలు నేను ముందే పిండేస్తాను, నేనూ వస్తాను" అన్నాడు.

శుక్రవారం ఆమె భర్తతో కలిసి మెట్లెక్కి రావడం చూసి ఓనరు మొహం మాడిపోయింది. "ఈమె యాల వచ్చింది మేడం?"

"గెస్టు."

"ఏం పుస్తకం?"

"చిన్నదేలేప్పా. మూడు లైన్లు."

అర్థమయిందో లేదో నాకు తెలియదు. అతను స్విచ్చుల బల్ల దగ్గరకు వెళ్లి కూర్చున్నాడు. ఆరున్నరయింది. అడుగున రేట్లు మొదలయ్యాయి. నేను నమస్కారం చెప్పి, ఈ వారం ఒక కాగితం చదువుకుందాం అని ఆమె చేతికిచ్చాను. ఆమె చదివింది. విషయం తెలియక మాట్లాడారు అన్న చోట తడబడుతుందేమో అని నాకు భయం. తడబడలేదు. చింతిస్తున్నాము దాకా చదివి, కాగితం ఒళ్లో పెట్టుకుని, నా ప్రశ్న కోసం చూసింది.

"ఇది నిజమేనా?"

"కాదు" అంది. "నేను తెలిసే..."

మానిటర్లో చీరల షాపు ప్రకటన వచ్చేసింది. అడుగున టమోటా రేట్లు మాత్రం ఆగలేదు. ఓనరు వేలు ఇంకా స్విచ్చు మీదే ఉంది. ఆమె మాత్రం ఆపలేదు. ఎవరికీ వినపడదని తెలిసీ, ఆగిపోయిన కెమెరా వైపు చూస్తూ, చెప్పదలచుకున్నదంతా చెప్పి ముగించింది. నేను మొత్తం విన్నాను. కొత్త చొక్కాలో ఆమె భర్త కూడా స్టూలు మీద కూర్చుని విన్నాడు.

మెట్ల మీద ఓనరు నా వెంట పడ్డాడు. "ఆ ఒక్క మాట దాకా ఆపలేదు కదా మేడం నేను!"

"తర్వాతి మాటకు ఆపినావు కదప్పా" అన్నాను. అతను తలవంచుకున్నాడు. తొమ్మిదో క్లాసులోనూ అంతే, తప్పు తెలిసి చేసినప్పుడు ఇలాగే నిలబడేవాడు.

మదనపల్లెలో నా కార్యక్రమం ఆ రోజుతో సరి. వైర్లు ఎవరూ కోయలేదు. కోస్తే ఆ పెద్దమనుషులు టమోటా రేట్లు యాడ చూస్తారు? బెదిరించినవాళ్లకూ బెదిరినవాడికీ ఈ మాత్రం ముందే తట్టి ఉండాల్సింది. ఫోన్లలో ఎన్ని గ్రూపులున్నా, మార్కెట్టు లోపలి నుంచి వచ్చే రేటు అని అందరూ నమ్మేది ఆ చానల్నే.

ఇప్పుడు ప్రతి శుక్రవారం బస్సులు మారి కుప్పం పోతాను. నా కార్యక్రమం వేసుకుంటామని అప్పట్లో ఫోన్ చేసిన కేబుల్ ఆపరేటరు తన ఇంటి ముందు గది ఇచ్చాడు, అక్కడి నుంచే లైవ్. చూసేవాళ్లు తక్కువ. టమోటా రేట్లు లేవు కాబట్టి పుస్తకాన్ని నాకు ఇష్టమొచ్చినంత కిందికి పట్టుకుంటాను. ఈ వయసులో ఇంత దూరం అవసరమా అని అడిగినవాళ్లకు అవసరమే అని చెప్పి బస్సెక్కుతున్నాను.

నిన్న సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. వెనకాల దూడ అరుస్తోంది. బిల్ కలెక్టరు రిజిస్టరు తీసుకుని వచ్చాడట, పాలు పిండే టయానికే.

"సంతకం పెట్టినావామ్మా?" అన్నాను.

"పెట్టలేదమ్మా. మీటింగు యాడ, ఎన్ని గంటలకు అని అడిగినాను. ఆయప్ప ఇంకా వాకిట్లోనే నిలబడుండాడు."