కన్నడంలో నేను రాసిన అర్జీ

పదకొండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అరపేజీ కూడా లేని అబద్ధం. ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

కర్ణాటకలోని బాగేపల్లి తాలూకా కచేరీ ముందు కూర్చుని అర్జీలు రాయడం నా పని. జనం తెలుగులో చెబుతారు, నేను కన్నడంలో రాస్తాను. రాసింది తెలుగులో చదివి వినిపించాక చదువు రానివాళ్ళు వేలిముద్ర వేస్తారు.

ఒకనాడు వేరుశనగ చేలల్లో కూలికి పోయే నరసమ్మ వచ్చింది. బడి గోడ కూలి ఆమె కూతురి కాలు నలిగిపోయింది. గోడ బీటలిచ్చిందని, పిల్లల్ని దాని కింద కూర్చోబెట్టొద్దని ఆమె అంతకుముందే మాస్టరుకు రెండుసార్లు చెప్పింది. అతను వినలేదు. ఆ మాస్టరు నా తమ్ముడు. ఆమెకది తెలియదు.

నేనేం రాశాను? మాస్టరు వారిస్తున్నా పిల్ల తానే గోడెక్కిందని, దయతలచి సాయం చేయమని రాశాను. చదివి వినిపించేటప్పుడు మాత్రం ఆమె చెప్పిందే అప్పజెప్పాను. తమ్ముడి ఉద్యోగం పోతే వాడి సంసారం నా నెత్తిన పడుతుందన్న భయమా, లేక తోడబుట్టినవాడన్న ప్రేమా? ఇన్నేళ్ళూ ఒకసారి ఇదని, ఒకసారి అదని నన్ను నేను వెనకేసుకొస్తూనే ఉన్నాను. రెండూ సాకులే. నా మీద నాకే విసుగు.

నెల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది.

"తప్పు మా పాపదేనని మేమే రాసుకున్నామంట. కచేరీలో అట్ల అంటాండారప్పా. వాళ్ళు సరిగా చదవలేదేమో. ఇంకోటి రాస్తావా?"

"ఇంకోటి రాసినా అంతేనమ్మా."

"మరి యాడికి పోవల్ల? కోర్టు ఉండాది అంటారే?"

"ఇట్లాంటిదానికి కోర్టు లేదమ్మా. ఊరికే తిరుగుతావు."

ఉంది. చిక్కబళ్ళాపురంలో ఉంది. ముందే హెచ్చరించినా పట్టించుకోని బడి మీద దావా నిలుస్తుందని వకీళ్ళు మాట్లాడుకోగా విన్నాను. దావా వేయడానికి అప్పటికింకా గడువుంది. అన్నీ తెలిసి లేదన్నాను. ఆమె సరేనప్పా అని కూతుర్ని చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. చంకనెక్కే వయసు కాదు.

తమ్ముడు ఇంకా పాఠాలు చెబుతూనే ఉన్నాడు. సంతలో కనబడితే నరసమ్మ నాకు దండం పెడుతుంది. అప్పుడు ఆమె మీదే కోపం వస్తుంది, నన్నెందుకింత నమ్మిందని. ఎంత అన్యాయమైన కోపం! క్షమించమని అడగను. ఏ మొహంతో అడగాలి? పిల్ల గోడెక్కలేదు. ఎక్కిందని రాసింది నేను. ఈ మాట కాగితం మీద పెట్టాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.