రోవీనా పళ్ళెం

మా అక్క ఆల్మా ట్రక్కును పాత ఇనుము కొనేవాడు కూడా వద్దంటాడు. ఒక తలుపు ఆకుపచ్చ, రెండోది మొత్తం తుప్పు. అయినా మా తెగవాళ్ళుండే రిజర్వు నుంచి పట్నం వెళ్ళే హైవే మీద ఆడపిల్ల ఎవరైనా ఒంటరిగా కనిపిస్తే ఆ ట్రక్కు ఆగి తీరుతుంది. "ఎక్కు. నోర్మూసుకుని బెల్టు పెట్టుకో" అంటుంది అక్క. మర్యాద ఆవిడ ఒంట్లో లేదు.

పట్నం బస్సు ఆపేసిన ఏడాది, అక్క కూతురు రోవీనా పన్ను పీకించుకొస్తానని బయల్దేరి, దారిన పోయే కారేదో ఎక్కింది. మళ్ళీ రాలేదు. "స్నేహితులతో తిరుగుతుంటుంది, అదే వస్తుందిలే" అన్నారు పోలీసులు. పంటి నొప్పితో ఏ పిల్ల తిరుగుతుంది? తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పక్క రిజర్వు పిల్ల సరస్సులో శవమై తేలింది, చంపినవాడు దొరకలేదు. మాకు ఆ కబురు కూడా లేదు.

ఆకులు రాలే రోజుల్లో మేము చనిపోయినవాళ్ళకు విందు చేస్తాం. వాళ్ళకు ఇష్టమైనవి వండి పళ్ళెం నిప్పుకిస్తాం, నిప్పు వాళ్ళకు అందిస్తుంది. అక్క అమ్మకూ నాన్నకూ పెట్టేది, రోవీనాకు పెట్టేది కాదు. పోయినేడు నేనే ఉండబట్టలేక అనేశాను.

"అక్కా, అది ఆ లోకంలో ఉంటే ఇన్నేళ్ళూ పస్తే కదే!"

"ఈ లోకంలోనే ఉంటే? బతికున్నదాన్ని నా చేత్తో నేనే చంపుకోమంటావా?"

అలా కసిరిందే గాని, చేప వేయించింది, నీలిపళ్ళు వేసి అడవిబియ్యం వండింది, రొట్టె కాల్చింది. పళ్ళెం పట్టుకుని నిప్పు ముందు నిలబడింది. నిప్పు చూసుకునే ఐజాక్ తాత చెయ్యి చాచాడు. అక్క ఇవ్వలేదు. వెనక్కి తిరిగి ట్రక్కు వైపు నడిచింది.

"పిచ్చెక్కిందా నీకు?" అని అరుస్తూ పరిగెత్తి నేనూ ఎక్కాను.

హైవే మలుపులో పల్చటి కోటేసుకుని ఓ పిల్ల బండ్లకు చెయ్యెత్తుతోంది. అక్క ఎక్కించుకుని పళ్ళెం ఒళ్ళో పెట్టింది.

"ఎవరిదిది?"

"నా కూతురిది. చల్లారకముందే తిను."

ఆ పిల్ల అద్దం దగ్గర అంటించిన రోవీనా ఫోటో చూసింది. తినసాగింది. కాసేపటికి, "పెద్దమ్మా, చేపలో ఉప్పెక్కువైంది" అంది.

అక్క కసురుతుందేమోనని నేను అటు తిరిగాను. అక్క మాత్రం పకపకా నవ్వింది. "అదీ ఇదే అనేది, గడుగ్గాయి!" అంటూ నవ్వుతూనే ఏడ్చింది. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో. నేనూ ఏడ్చాను.

ఆ పిల్ల పేరు టాష్. ఇప్పుడు లైసెన్సు తెచ్చుకుని, అక్కకు ఒళ్ళు బాగాలేనప్పుడు తనే హైవే మీదికి వెళ్తోంది. నోరు అక్కకంటే ఘోరం.

ఈ ఏటి విందులో ఐజాక్ తాత అమ్మ పళ్ళెం, నాన్న పళ్ళెం అందుకుని నిప్పుకిచ్చాడు. అక్క చేతిలో మూడో పళ్ళెం ఉంది. దానికి మాత్రం తాత చెయ్యి చాచలేదు.

"టాష్ బండి తీసింది. రోడ్డు మీద చలిగా ఉంది, త్వరగా వెళ్ళమ్మా" అన్నాడు.