అతిథి నటుడి చెప్పులు

ఆ సీరియల్ పేరు చెప్పను. చెబితే ఇంకో నలుగురు చూస్తారు, ఆ పాపం నాకెందుకు?

నిరుడు ఎండాకాలం వర్ని దగ్గర కోటలాంటి ఒక పాత దొరల గడిలో షూటింగ్ పెట్టుకున్నారు. ప్రతి ఎపిసోడ్ ముందూ "యథార్థ సంఘటనల ఆధారంగా" అని వేసేవారు. ఆ యథార్థం కోసం ఊళ్లు తిరుగుతున్న వాళ్ల రచయిత, ఎవరో చెబితే కంఠేశ్వర్‌లో మా ఇంటికొచ్చాడు. మా అవ్వ, అంటే మేం బాపు అని పిలిచే మా నాన్నకు తల్లి, ఎనభై దాటిన మనిషి. తన పెళ్లయిన కొత్తలో జరిగిన సంగతి ఆయనకు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

అవ్వ చెరకు నరకబోయి, మోడు గుచ్చుకుని అరికాలు చీల్చుకుంది. తాత ఆమెను బండిలో బోధన్ దవాఖానకు తీసుకుపోతున్నాడు. దారిలో దొర గడి. దాని ముందర ఎవరైనా బండి దిగాలి, చెప్పులు విడిచి చేతబట్టుకుని నడవాలి. అప్పటికి నిజాం పోయాడు, బడి మీద మన జెండా ఎగురుతోంది. అయినా అక్కడ అదే పద్ధతి. అవ్వ కాలు కింద పెట్టలేదు. తాత బండి దిగి, తన చెప్పులు విడిచి ఆమె చేతికిచ్చాడు. ఆమెను వీపు మీదికెత్తుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో గడి గోడ పొడవునా ఉత్తకాళ్లతో నడిచాడు. దొర అరుగు మీది నుంచి చూస్తూ ఉండిపోయాడు. అంతే కథ.

"కాళ్లు బొబ్బలెక్కినయ్ ఆయనకు. గప్పటిదాంక నాతోని సక్కగ మాట్లాడింది గూడ లేదు. గా దినం ఎరుకైంది, గీయన నా మనిషని," అంది అవ్వ.

రచయిత చాయ్ జుర్రుతూ, "తర్వాతైనా తిరగబడలేదా అమ్మా?" అన్నాడు.

"కొట్లాటకు పోతే నన్ను దవాఖానకు ఎవలు తీస్కపోదురు బిడ్డా?"

ఆయన మొహం చూడాలి. చాయ్‌లో ఈగ పడ్డట్టు పెట్టాడు. అయినా కథ తీసుకున్నాడు.

మా తాత వేషానికి ఒక పాత సినిమా హీరోను తెచ్చారు. సినిమాలు లేక ఇంట్లో కూర్చున్నవాడే, కానీ సీరియల్‌కి వస్తే "ప్రత్యేక అతిథి" అవుతాడు. టీవీలో ఆ ప్రకటన చూసి నాకు అనుమానమొచ్చింది. రచయితకు ఫోన్ చేశాను, గడి ముందర నడక ఉంది కదా అని.

"సార్ ఉత్తకాళ్లతో నడిస్తే అభిమానులు ఒప్పుకోరండీ. గెస్ట్ కదా, ఉన్న కాసేపూ పవర్‌ఫుల్‌గా కనిపించాలి," అన్నాడు. పైగా కథను నిజాం కాలానికి జరిపారట. "అప్పటిదంటే ఇప్పుడెవరూ నొచ్చుకోరు," అని తెలివి కూడా చూపించాడు. ఒళ్లు మండి, మా అవ్వ నొచ్చుకుంటుందయ్యా అన్నాను. నవ్వి పెట్టేశాడు. ఆ నవ్వు ఇప్పటికీ మింగుడుపడదు నాకు. అవ్వకు మాత్రం ఈ సంగతి చెప్పలేకపోయాను.

ఆ ఎపిసోడ్ వచ్చే సాయంత్రం బాపు వాడకట్టందరినీ పిలిచాడు. అవ్వకు టీవీ ఎదురుగా కుర్చీ వేశాడు. అవ్వ కొత్త చీర కట్టుకుంది. పోయిన మొగుణ్ణి ఒక్కసారి మళ్లీ చూడబోతున్నానన్న ఆశ ఆమె కళ్లలో కనబడుతూనే ఉంది.

అతిథి వచ్చాడు. కొత్తగా కత్తిరించిన జుట్టు, జరీ కుట్టిన చెప్పులు. టపటపలాడించుకుంటూ గడి ముందర నిలబడి, చెప్పు తీసి దొరను కొట్టాడు. కాలికి కట్టు కట్టిన పెళ్లాం దుమ్ములో కూలబడి ఏడుస్తోంది. ఆ గాయాన్ని మాత్రం వదల్లేదు దొంగలు, ఏడుపుకు పనికొస్తుంది కదా. ఇల్లంతా ఈలలు.

"గది తాత కాదు బాపు," అన్నాను.

బాపు నా మీదికి లేచాడు. "కొట్టినట్టు సూపిస్తే నీకేం పోయింది? గిన్నేండ్లకన్న మా నాయిన కొట్టిండు అనిపించుకోనీ!"

అంటే ఇన్నేళ్లూ ఈయన తండ్రిని తలచుకుని సిగ్గుపడుతూ బతికాడు. నాకు రచయిత మీదకంటే బాపు మీదే ఎక్కువ కోపమొచ్చింది. వీపు మీద పెళ్లాన్ని మోసిన మనిషి తక్కువైపోయాడు, చెప్పుతో కొట్టిన ఈ బొమ్మ ఎక్కువైపోయాడు.

తెర మీద హీరో చెప్పులు తొడుక్కున్నాడు. వెనక పాట, ముందర దుమ్ము. ఒక్కడే మనవైపు నడిచొస్తుంటే ఆ మొహం టీవీ నిండా పెద్దదైంది. బాపు చప్పట్లు కొట్టాడు. వెంటనే బట్టల సబ్బు ప్రకటన వచ్చింది.

అవ్వ కుర్చీలో ముందుకు వంగి, ఆ సబ్బు ప్రకటనలోనే ఇంకా ఏదో వెతుకుతోంది.

"కొడుకా, గా పిల్ల ఆడ్నే దుమ్ముల ఉన్నది గదరా," అంది బాపుతో. "ఎవలన్న ఎత్తుకోన్రి."