ఓడ అడుగున రెండో గది

అందరూ ఇంజన్ బాబాయ్ అని పిలిచే ఆ మనిషి ఇరవై రెండేళ్ళు సరుకు ఓడల ఇంజన్ గదుల్లో పనిచేశాడు. చివరి ఓడ మునిగాక, మంచినీళ్ళ పంపుల దగ్గర ఉద్యోగం చూసుకుని అన్న కూతురింట్లో ఉండిపోయాడు. ఆ ఓడ ఊసెత్తితే చాలు, లేచి వెళ్ళిపోయేవాడు.

అన్న కూతురిది కళ్ళద్దాల షాపు. ఆదివారం మధ్యాహ్నాలు వెనక గదిలో స్నేహితులిద్దరిని, ఒక టైలర్నీ ఒక నర్సునీ కూర్చోబెట్టి, తలో పాత్ర ఇచ్చి కథలాట నడిపేది. పాచిక ఎలా పడితే కథ అలా తిరుగుతుంది. ఓడల యుద్ధం వస్తే మాత్రం చిక్కే. చుక్కాని పట్టిన టైలరే పాచికలు వేస్తుంటాడు, నర్సు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది.

"ఈసారి తలో పని. నువ్వు చుక్కాని, నువ్వు ఫిరంగులు. నీళ్ళు తోడ్డానికి మనిషి తక్కువయ్యాడు. బాబాయ్, రావూ?" అంది అన్న కూతురు ఒక ఆదివారం.

"జీతానికి చేసేదీ అదేగా," అంటూ కూర్చున్నాడు.

గళ్ళ కాగితం మీద ఓడ అడుగున ఆరు గదులు గీసింది. శత్రువు గుండు తగిలింది. ఏ గదిలోకి నీళ్ళొచ్చాయో పాచిక చెప్పాలి.

"మూడు," అని వేశాడు బాబాయ్. మూడే పడింది. తర్వాత "ఐదు" అన్నాడు. ఐదే.

"పాచికకి మందు పెట్టారా బాబాయ్?" టైలర్ నవ్వాడు.

"ఇప్పుడు రెండు."

రెండు పడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"రెండో గది తలుపు మూసేస్తే ఓడ నిలుస్తుంది," అంది అన్న కూతురు మెల్లగా.

"లోపల ఇద్దరున్నారు."

"ఆటలో అక్కడ ఎవరూ లేరు బాబాయ్."

"ఉన్నారు. విను."

టేబుల్ కింద, నేల లోపలి నుంచి, ఇనుము మీద ఇనుము కొట్టినట్టు మూడు దెబ్బలు. కాసేపాగి మళ్ళీ మూడు. షాపు కింద ఉన్నది వట్టి మట్టి. నర్సు కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుంది.

"అప్పుడు మూయమన్నారు, మూశాను," అన్నాడు బాబాయ్. "ఓడ ఎలాగూ మునిగింది."

అన్న కూతురు రూల్సు కాగితం పక్కన పెట్టేసింది. "ఇప్పుడేం చేస్తావ్?"

"తీస్తాను. మునిగితే మునగనీ."

చప్పుడు ఆగిపోయింది. ఆటలో ఓడ మునిగింది.

ఆ సాయంత్రం ఆ ఇద్దరి పేర్లూ మొదటిసారి చెప్పాడు. ఆమె వెతికి వెతికి, ఒకతని అక్క చిరునామా సంపాదించింది. బాబాయ్ ఉత్తరం రాశాడు, రమ్మని జవాబొచ్చింది, వెళ్ళాడు. నాలుగు రోజులకు తిరిగొచ్చాడు.

"తిట్టిందా?"

"లేదు. కూర్చోబెట్టి, చప్పుడు ఎంతసేపు వినిపించిందని అడిగింది."

"చెప్పావా?"

"చెప్పాను."