ఎగిరిన ఆర్ అక్షరం

ఇశ్రాయేలు మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో వేళ్ళు నొప్పెట్టించుకోని గుమస్తా అమలాపురం చుట్టుపక్కల లేడంటే నమ్మండి. నేనూ అక్కడే నేర్చుకున్నాను. ఆయన కాయితం చూసి, అది ఏ మిషను మీద కొట్టారో చెప్పేసేవారు. జాతకాలు చెప్పేవాళ్ళకి కూడా అంత గురి లేదు.

ఆయన అక్క దానమ్మగారు. భర్త పోయాక కాలవ గట్టు మీద పాక వేసుకుని ఉండేది. ఎనభై ఏడులో గట్టు వెడల్పు చేస్తామని, జూన్‌లో నీళ్ళు వదిలేలోగా పాకలు తీసెయ్యమని నోటీసిచ్చారు. ఇళ్ళు లేనివాళ్ళకి ఇరవైనాలుగు స్థలాలు ఇస్తామన్నారు. మాస్టారేమో మిషన్ల వెనక ఒక్క గదిలో నలుగురు పిల్లలతో ఉంటున్నారు. స్థలం రాకపోతే దానమ్మగారికి వేరే దిక్కు లేదు.

మండలాఫీసు గోడకి ఇంగ్లీషులో లిస్టు అంటించారు. అందులో డాబాలున్నవాళ్ళున్నారు, కొబ్బరితోటలున్నవాళ్ళ బావమరుదులున్నారు. దానమ్మగారు మాత్రం లేదు.

"మేం చేసింది కాదండి. కంప్యూటరు తీసింది. దానికి చుట్టరికాలు ఉండవు కదండి!" అన్నారు అధికారి శ్రీరామచంద్రమూర్తిగారు.

"ఎలా తీసిందండి?" అని మాస్టారు అడిగారు.

"అది గోప్యమండి."

ఆహా! స్థలాలు ఊరివి, జనం ఊరివాళ్ళు, ఎంచిన పద్ధతి మాత్రం దేవరహస్యం. కంప్యూటరు గది తలుపుకి తాళం, దాని మీద 'చెప్పులు బయట విడువవలెను' అని బోర్డు. గుడి, చర్చి తరవాత మాకు మూడో దేవుడు వెలిశాడన్నమాట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా?

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని లిస్టుకి ముక్కు ఆనించారు. తరవాత ఆ ఆఫీసు గుమస్తా బుచ్చిరాజుని పిలిచారు. వాడూ ఆయన శిష్యుడే.

"ఒరే, ప్రతి ఆర్ అక్షరం వరసలోంచి పైకి ఎగిరింది చూడు. ఇది నా మూడో నంబరు మిషను. మీ ఆఫీసుకి నేనే అమ్మేను. ఆ జబ్బు కంప్యూటరుకి కూడా అంటుకుందేంట్రా?"

వరండాలో జనం గొల్లున నవ్వారు. గది తియ్యమని పట్టుబట్టారు. తియ్యక తప్పింది కాదు. లోపల కంప్యూటరు ఉంది, కాదనను. అట్టపెట్టెలో ఉంది. కట్లు కూడా విప్పలేదు. ఆ పెట్టె మీద ఎవరో మహానుభావులు అరటిగెల మగ్గబెట్టుకున్నారు.

అధికారిగారి మొహం కందగడ్డయింది. పదిహేను రోజుల్లో అసలైన కంప్యూటరు లిస్టు వేయిస్తామన్నారు. పిచ్చి దానమ్మగారు నమ్మింది. కొత్తింటి ముందు వెయ్యడానికని పగిలిన కుండలో కరివేపాకు మొక్క కూడా పెంచింది.

లిస్టు వచ్చింది. అంచుల పొడుగునా చిల్లులు, చుక్కలు చుక్కలుగా అక్షరాలు. ఒక్క అక్షరం ఎగిరితే ఒట్టు! పేర్లు మాత్రం ఆ ఇరవైనాలుగే.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. బుచ్చిరాజుని నిలదీశారు.

"ఇందులో పేర్లు ఎవరెక్కించేర్రా?"

"నేనేనండి."

"దేన్ని చూసి?"

"పాత లిస్టు చూసేనండి."

"డాబాలున్నవాళ్ళని ఎక్కిస్తుంటే నీకు తెలీలేదేంట్రా?"

బుచ్చిరాజు తల దించుకున్నాడు. "మీరే కదండీ నేర్పేరు మాస్టారూ! కాయితంలో ఏదుంటే అది కొట్టాలి, మధ్యలో మన బుర్ర పెట్టకూడదని. అలాగే కొట్టేనండి, ఆయ్."

ఆ పాఠం ఆయన స్కేలుతో కొట్టి మరీ నేర్పారు. నా వేళ్ళకి ఇప్పటికీ జ్ఞాపకమే.

జూన్‌లో పాక పీకేశారు. దానమ్మగారు ఇన్‌స్టిట్యూట్‌లో రెండు బల్లల మధ్య మంచం వేసుకుంది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. అయినా పొద్దున్నే మొదటి బ్యాచి పిల్లలు మిషను మీద చెయ్యి వెయ్యబోతుంటే, మంచం మీంచే గట్టిగా అడిగేది, మాస్టారి ఎదుటే.

"కొట్టే ముందు అందులో ఏవుందో చదివేరా నాయనా?"