రత్నం సిస్టర్ అడిగిన దారులు

ఆవిడ ముఖం చూడకముందు ఏడేళ్ళపాటు నేను ఆవిడకి దారులు చెప్పాను.

కొవ్వూరు దాటి ఏటిగట్టు వెంట దిగువకి వస్తే అరటితోటల మధ్య నిలువెత్తు గోడ ఒకటి కనిపిస్తుంది. దాని లోపల పద్నాలుగు మంది కన్యస్త్రీలు. బళ్ళు నడిపే సిస్టర్లూ ఆసుపత్రుల్లో తిరిగే సిస్టర్లూ వేరు. వీళ్ళు ఒకసారి లోపలికి వెళ్ళాక బయటికి రారు. రోజుకి ఏడుసార్లు గంట, ఏడుసార్లు ప్రార్థన, మధ్యలో పని. ఆ పనేమిటంటే అప్పాలు చేయడం. గుళ్ళో పూజ చేసే గురువుగారు భక్తుల నాలుక మీద పెట్టే పల్చటి గోధుమ అప్పం ఉంటుందే, అది. రెండు ఇనప పలకల మధ్య పిండి పోసి కాల్చి, గుండ్రంగా కోసి, మాడినవీ విరిగినవీ ఏరేసి, ప్యాకెట్లు కట్టి చుట్టుపక్కల గుళ్ళకి పంపుతారు.

నాకు ఒకచోట కాలు నిలవదు. పుస్తకాలు చదివి చదివి, వాటిలో ఉన్న ఊళ్ళన్నీ చూడలేనని తెలిశాక, చూడగలిగిన ఊళ్ళ మీద పడ్డాను. అలా ఒక వేసవిలో నీళ్ళ కోసం ఆ గేటు దగ్గర ఆగాను. గేటు చూసుకునే ఏసమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, ఎటు వెళుతున్నారని అడిగింది. పాలకొల్లు వైపన్నాను. అయితే ఈ ప్యాకెట్లు అక్కడ గుళ్ళో ఇచ్చి పొండి బాబాయిగారూ, అంది. అప్పటినుంచి ఎప్పుడు అటు వెళ్ళినా నా సంచిలో అప్పాలుండేవి.

ప్యాకెట్లు వచ్చేది గోడలో అమర్చిన ఒక చెక్క పెట్టెలోంచి. పీపాలా గుండ్రంగా ఉంటుంది, ఒక పక్కే తెరిచి ఉంటుంది. లోపలివాళ్ళు సామాను పెట్టి తిప్పితే ఆ తెరిచిన పక్క మనవైపు వస్తుంది. మనిషికి మనిషి కనబడరు, మాట మాత్రం వినబడుతుంది. మొదటిసారి నేను ప్యాకెట్లు తీసుకుంటుంటే లోపలినుంచి ఒక ఆడగొంతు, కాస్త బొంగురుది, ఏ దారిన వచ్చారండీ అని అడిగింది.

ఆవిడే రత్నమాణిక్యం. రత్నం సిస్టర్. ప్యాకెట్లు అందించే పని ఆవిడది గనక నాలుగు మాటలకి మఠం పెద్ద మదర్ అనుమతి ఉండేది. ఆ నాలుగు మాటలూ దారుల గురించే. వేమగిరి మీంచి వచ్చానంటే, కాలువ ఏ చేతివైపు ఉందని అడిగేది. ఫలానా ఊరి దగ్గర కాలువ దాటానంటే, అక్కడ వంతెన కర్రది కదా అనేది. ఇప్పుడు సిమెంటుది వేశారని చెబితే కాసేపు మాట ఉండేది కాదు. తను లోపలికి వెళ్ళేనాటి, నలభై ఒక్క ఏళ్ళ కిందటి వంతెన ఆవిడ తలలోంచి తీసేసి కొత్తది వేసుకుంటోందన్నమాట.

ఆవిడ తండ్రి గోదావరి మీద పడవ నడిపేవాడట. కొబ్బరికాయలూ అరటిగెలలూ రాజమండ్రికి చేరవేసేవాడు. తల్లి చిన్నప్పుడే పోవడంతో పిల్ల పడవలోనే పెరిగింది. పదిహేనేళ్ళు వచ్చేసరికి రేవు రేవుకీ పరిచయాలు. రెండుసార్లు చెప్పకుండా వేరే పడవెక్కి ఎటో వెళ్ళి వారానికి తిరిగొచ్చిందని, తండ్రి తన్నాడని, ఇవన్నీ ఏసమ్మ చెప్పింది. ఇరవయ్యారో ఏట ఆ పిల్ల ఈ గోడ లోపలికి ఎందుకు వచ్చిందో ఏసమ్మకీ తెలియదు. మా లూథరన్ల గుళ్ళో అయితే ఇలాంటి పిల్లని పాటల జట్టులో వేసి ఊరూరూ తిప్పేవాళ్ళండి, వీళ్ళు తాళం వేశారు, అంటుంది ఏసమ్మ. అంటూనే ఆ తాళానికి ఇరవై ఏళ్ళుగా కాపలా కాస్తోంది.

పూర్వం బౌద్ధ భిక్షువులు వానాకాలం మూడు నాలుగు నెలలే ఒకచోట ఉండేవాళ్ళు. మిగతా కాలమంతా నడకే. నిలకడకి నాలుగు నెలలు చాలని ఎవరో ఆలోచించే పెట్టి ఉంటారు. మరి నలభై ఒక్క ఏళ్ళ వానాకాలం ఎలా గడుస్తుంది? ఏసమ్మ దగ్గర దానికీ జవాబుంది. రత్నం సిస్టర్ రోజూ పొద్దున పనికి ముందు గోడ వెంట లోపలిపక్క పదకొండు చుట్లు తిరుగుతుందట. గోడ పక్కన నేల గట్టిపడి గడ్డి మొలవదట.

రెండేళ్ళ కిందట పాలకొల్లు వైపు ఒక గురువుగారు ప్యాకెట్ విప్పి నాకు చూపించారు. మాడిన అప్పాలు, అంచు విరిగినవి, ఒకదానికొకటి అతుక్కున్నవి. ఏరే మనిషి మారిందా అని మెల్లిగా అడిగారు. ఏరేది రత్నం సిస్టరే. కళ్ళకి శుక్లాలు ముదిరాయి. చేత్తో తడిమి ఏరుతోంది. విరిగినది వేలికి తెలుస్తుంది, మాడినది తెలియదు.

మఠం నియమంలో వైద్యానికి బయటికి వెళ్ళొచ్చు. మదర్ చాలాసార్లు అడిగింది. ఆవిడ వెళ్ళనంది. కారణం ఒక్క మదర్‌కే చెప్పింది, ఆ తర్వాత నాకూ ఒకసారి పెట్టె లోపలినుంచి చెప్పింది. గట్టు ఎక్కానంటే కాళ్ళు మళ్ళీ ఈ గేటువైపు తిరుగుతాయో లేదోనని భయం. కళ్ళు పోయినా ఫరవాలేదు, ఇచ్చిన మాట పోకూడదు. అందుకే మదర్ అడిగిందే తప్ప ఆజ్ఞగా చెప్పలేదు. విధేయంగా ఉంటామని మాట ఇచ్చినవాళ్ళకి ఆజ్ఞ వేస్తే వెళ్ళితీరాలి. వెళ్ళి రాకపోతే ఆ పాపం ఎవరిది?

ఇదంతా పోయిన క్రిస్మస్‌కి మలుపు తిరిగింది. క్రిస్మస్ అయిన మూడోనాడు పసిబిడ్డల పండుగ, యేసు పుట్టినప్పుడు హేరోదు రాజు చంపించిన పసివాళ్ళది. ఆ రోజు ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. అందరికంటే చిన్నది మదర్ అవుతుంది. పొద్దున ప్రార్థన నుంచి రాత్రి పడుకోబోయే ముందు ప్రార్థన దాకా తాళాలు ఆ పిల్ల నడుముకి, కుర్చీ ఆ పిల్లది, చెప్పినది అందరూ చేయాలి. ఈసారి చిన్నది వినీల, నర్సాపురం పిల్ల, లోపలికి వచ్చి ఏడాది కాలేదు. అసలు మదర్‌ని అంట్లు తోమమంది. మధ్యాహ్నం మౌనం రద్దు చేసింది. ఏసమ్మ తెచ్చిన పూతరేకులు ఒక్కొక్కరికి రెండేసి వేయించింది. నవ్వుల మధ్య రత్నం సిస్టర్‌ని పిలిచి, రేపు రాజమండ్రి వెళ్ళి కన్ను చేయించుకు రండి, ఇది మా ఆజ్ఞ, అంది.

అందరూ ఇంకా నవ్వుతున్నారట. రత్నం సిస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని, సరే మదర్, అంది. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. వినీల ముఖం పాలిపోయింది. ఆ పిల్లకి కారణం తెలియదు, ముసలామె మొండితనమనుకుంది.

మర్నాడు అసలు మదర్ ఆవిడని పిలిచి, ఆ పిల్ల ఏలుబడి రాత్రి గంటతోనే అయిపోయింది, రేపు అన్న మాటకి విలువ లేదు, వెళ్ళక్కర్లేదు అని చెప్పింది. రత్నం సిస్టర్ చెప్పిన జవాబుని ఏసమ్మ నాకు రెండుసార్లు చెప్పింది.

"నేను సరే అన్నది నిన్ననే కదా మదర్."

ఆసుపత్రిలో కాగితాలు రాయడానికి తోడు రమ్మని ఏసమ్మ నాకు ఫోన్ చేసింది. గేటు తలుపుకి లోపల ఒక తాళం, బయట ఒక తాళం. రెండూ తీస్తే గాని తెరుచుకోదు. తెరుచుకుంది. పొట్టి మనిషి, నల్లగా, పెద్ద చెవులు, పాదాలు మాత్రం వెడల్పుగా, నేల మీద గట్టిగా పడేవి. తలెత్తకుండా వచ్చి బుజ్జిబాబు ఆటోలో ఏసమ్మ పక్కన కూర్చుంది. దారి పొడవునా కళ్ళు మూసుకునే ఉంది. వంతెన మీద చక్రాల చప్పుడు మారగానే మాత్రం చెయ్యి చాపి ఆటో కమ్మీ పట్టుకుంది.

మూడు రోజులు. పరీక్షలు, ఆపరేషన్, ఆ తర్వాత కట్టు విప్పడం. కట్టు విప్పగానే ఆవిడ ముందు తన బట్ట అంచు చూసుకుంది. "ఇది ఇంత తెలుపా?" అంది. డాక్టరు నల్లకళ్ళద్దాలు పెట్టి, దుమ్ములోకి వెళ్ళకండి, వచ్చే నెలాఖరులో రెండో కన్ను, అని పంపేశారు. ముసుగు మీద నల్లద్దాలతో ఆవిడ వెళుతుంటే ఆసుపత్రిలో జనం తిరిగి చూశారు.

తిరుగుదారిలో ఆవిడ కళ్ళు మూసుకోలేదు. ఇళ్ళ మీద ఇంకా దింపని కాగితపు నక్షత్రాలు, వాకిళ్ళలో నెలగంట ముగ్గులు, ఒక్కటీ వదలలేదు. గేటు దగ్గర ఆటో ఆగింది. ఏసమ్మ దిగి గంట తాడు పట్టుకుంది. రత్నం సిస్టర్ కూడా దిగింది. దిగి, గేటు వైపు తిరగకుండా, గట్టు వెంట నడవడం మొదలుపెట్టింది.

అది పదకొండు చుట్ల నడక. నేను వెనక పరిగెత్తినంత పని చేశాను. పిలవలేదు. ఏమని పిలవాలి? జీవితమంతా నన్ను వెనక్కి పిలిచినవాళ్ళెవరినీ నేను లెక్కచేయలేదు. తిరిగి చూస్తే ఏసమ్మ తాడు పట్టుకునే నిలబడి ఉంది, లాగలేదు.

అరమైలు దిగువన రేవు. ఇంజన్ పడవ బయల్దేరబోతోంది, రెండు మోటారుసైకిళ్ళు, పాలక్యాన్లు. పల్లంరాజు అని ఆ పడవవాడు, సిస్టర్‌ని చూసి ఎక్కే బల్ల సరిగ్గా వేశాడు. ఆవిడ చెయ్యి పట్టుకోమన్నా పట్టుకోలేదు. అలవాటైన మనిషిలా ఎక్కి, ముందు కొసన కూర్చుంది. నేనూ ఎక్కాను.

నది మధ్యలో ఆవిడ నీళ్ళలో చెయ్యి పెట్టింది. గాలికి ముసుగు ఎగురుతుంటే ఇంకో చేత్తో పట్టుకుంది. అవతలి గట్టు తగిలింది. అందరూ దిగారు. అమ్మగారూ దిగరా, అన్నాడు పల్లంరాజు. ఆవిడ లేచి నిలబడింది. రేవు నుంచి ఒక మట్టిదారి తోటల్లోకి ఎక్కి మలుపు తిరిగిపోతోంది. దాన్ని చూస్తూ నిలబడింది. దిగితే నేను కూడా దిగుతాను, అంతవరకే తెలుసు.

"ఇదేనా మీరు చెప్పింది, చింతతోపు దారి?"

"ఇదేనండి."

"నేను ఇంకా వెడల్పనుకున్నాను."

పడవ వెనక్కి వెళ్ళాలంటే ఇంకో పావుగంట ఆగాలి, జనం రావాలి. ఆ పావుగంటా ఆవిడ నిలబడే ఉంది. ఒకసారి కాలు బల్ల మీదికి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. జనం ఎక్కారు. ఇంజన్ మొదలైంది. అప్పుడు కూర్చుంది, అదీ ఆ దారికేసి వీపు పెట్టి. ఇవతలికి వచ్చేదాకా మళ్ళీ నీళ్ళు ముట్టుకోలేదు.

గంటంబావు అయి ఉంటుంది. ఏసమ్మ ఆ తాడు దగ్గరే ఉంది. బుజ్జిబాబు ఆటోలో నిద్రపోతున్నాడు. గంట కొడితే మదర్ తాళంతో వస్తుంది, సిస్టర్ ఏరని అడుగుతుంది, అందుకని కొట్టలేదు. ఏసమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నోరు మాత్రం మామూలుగానే ఉంది.

"కొట్టమంటారా అండి, ఇంకో రేవుందా?"

"కొట్టు," అంది రత్నం సిస్టర్.

అది కిందటి డిసెంబరు ఆఖరి రోజు. తర్వాతి సంగతులు ఏసమ్మ పెట్టె దగ్గర విన్నవి. వారానికోసారి అందరూ కూడి ఎవరి తప్పులు వాళ్ళు మోకాళ్ళ మీద చెప్పుకుంటారట. రత్నం సిస్టర్ పడవ సంగతి చెప్పింది, కాలు బల్ల మీదికి వెళ్ళిన సంగతి కూడా దాచలేదు. వినీల తన వల్లేనని ఏడ్చింది. మదర్ శిక్ష వేసింది. సాయంత్రం అందరూ మాట్లాడుకునే గంటలో ఆ ప్రయాణమంతా, ఎక్కడా వదలకుండా, అందరికీ చెప్పాలి. ఆ రోజు గంట కొట్టాల్సిన సిస్టర్ కూడా వింటూ కూర్చుండిపోయిందట.

జనవరి మూడోవారంలో ప్యాకెట్ల కోసం వెళ్ళాను. పెట్టె తిరిగింది. అప్పాలు వెన్నెల ముక్కల్లా ఉన్నాయి, ఒక్క మచ్చ లేదు. ఏ దారిన వచ్చారని అడుగుతుందని చూశాను. అడగలేదు. మనసు చివుక్కుమంది, ఏడేళ్ళ అలవాటు మరి. నేనే ఉండబట్టలేక కోరుకొండ మీంచి వచ్చానని చెప్పాను.

అప్పుడు ఆ బొంగురుగొంతు వినబడింది. రెండో కన్నుకి వచ్చేవారం రమ్మన్నారట. ఈసారి ఎవరూ ఆజ్ఞ వేయలేదు, తనే మదర్‌ని అడిగిందట. ఇంకొకటి కూడా అడిగిందట.

"వంతెన మీంచి కాకుండా రేవు దాటి వెళ్ళొచ్చా అని."

"ఏమన్నారు?"

"ఇంకా ఏమీ అనలేదండి. తాళాలు మాత్రం ఒకసారి తడుముకున్నారు."

పెట్టె తిరిగి ఖాళీ పక్క లోపలికి వెళ్ళిపోయింది. గోడకి అవతల అడుగుల చప్పుడు, వెడల్పు పాదాలది, గోడ వెంట వెళుతోంది. నేనూ ఇవతలినుంచి అటే కొంతదూరం నడిచాను.